అప్‌డేట్: పేరులేని క్యాసెట్‌లోని సాక్సోఫోన్ ఎవరిదో తేలింది

నా దగ్గరున్న పేరులేని క్యాసెట్‌లో, జానపద గీతంలా మొదలై కాసేపటికే ఆర్తనాదంగా మారిపోయే ఫ్రీ జాజ్ (లయ, స్వరాల కట్టుబాట్లను వదిలేసి వాయించే జాజ్) రికార్డింగ్ ఏదని ఇంతకుముందు నేను అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది: అది అమెరికన్ సాక్సోఫోన్ కళాకారుడు ఆల్బర్ట్ ఐలర్ రచన ‘గోస్ట్స్’. వణికే ఆ టెనర్ సాక్సోఫోన్ నాదాన్ని బట్టి ఐలర్ పేరు చాలామంది వెంటనే చెప్పారు. చిక్కంతా ఏ రికార్డింగ్ అన్నదగ్గరే వచ్చింది. 1964 సెప్టెంబరులో కోపెన్‌హేగెన్‌లో చేసినదానిలో డాన్ చెర్రీ వాయించిన కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాద్యం) కూడా ఉంటుంది గనుక, గ్యారీ పీకాక్ బాస్, సనీ మరే డ్రమ్స్ తప్ప ఐలర్‌కు వేరే తోడు వినిపించని నా టేపు అది కాదని తేలిపోయింది. (నా ప్రశ్నలో టేపులో ట్రంపెట్ కూడా ఉందని రాసింది సాక్సోఫోన్ పైస్థాయి స్వరాలను విని పొరబడే.) చివరికి అదే ఏడాది జూలై 10న రికార్డు చేసిన ఐలర్ ఆల్బమ్ ‘స్పిరిచువల్ యూనిటీ’తో పోల్చి విన్నాను. అందులో ఈ రచన రెండుసార్లు వస్తుంది. సుమారు 5 నిమిషాల మొదటి రూపంతో నా టేపు స్వరం స్వరం కలిసింది.