పై అధికారి ఒక్క మాటలో జవాబిస్తే రోజంతా అదే ఆలోచన ఎందుకు?

ప్రశ్న:

నేను ఎనిమిదేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. ఇంతవరకు పని విషయంలో పెద్దగా మాట పడింది లేదు. గత వారం రెండు రోజులు కూర్చుని తయారుచేసిన నివేదికను మా మేనేజరుకు పంపి, మూడో పేజీలోని అంచనాలను ఒకసారి సరిచూడమని మర్యాదగానే రాశాను. ఆయన నుంచి "చూశాను." అని ఒకే ఒక్క మాట వచ్చింది, చివర చుక్కతో సహా. ఆ చుక్క ఎందుకు పెట్టారా అని కూడా ఆలోచించానంటే నా పరిస్థితి మీకు అర్థమయ్యే ఉంటుంది. మధ్యాహ్నానికల్లా ఆ నివేదిక ఆయనకు నచ్చలేదనీ, సాయంత్రానికి అసలు నేనే ఆయనకు నచ్చడం లేదనీ తీర్మానించుకున్నాను. మర్నాడు ఆయన ఎప్పటిలాగే పలకరించారు. ఇది నా ఒక్కరి బలహీనతేనా, లేక మనసు తీరే ఇంతేనా?

సమాధానం 1:

మీ ఒక్కరిదే కాదండీ. అక్షరాల్లో గొంతు వినపడదు. వినపడని ఆ గొంతును చదివేవారు తమ మనఃస్థితిని బట్టి తామే పూరించుకుంటారు. విచిత్రమేమిటంటే, రాసేవారికి ఈ సంగతి తట్టనే తట్టదు. 2005లో మనస్తత్వ శాస్త్రవేత్తలు జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వారి సహచరులు ప్రచురించిన ప్రయోగాలలో ఒకదానిలో, కొందరు కొన్ని వాక్యాలను వ్యంగ్యంగానూ కొన్నింటిని మామూలుగానూ ఈమెయిల్‌లో పంపారు. అవతలివారు సుమారు 78 శాతం సందర్భాలలో తమ ఉద్దేశాన్ని సరిగ్గా గ్రహిస్తారని వారి అంచనా. నిజానికి గ్రహించింది 56 శాతమే, అంటే బొమ్మా బొరుసా వేసి చెప్పినదానికంటే కొంచెం మెరుగు, అంతే.

1990లో ఎలిజబెత్ న్యూటన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం నాకు మరింత ఇష్టం. అందరికీ తెలిసిన పాట వరుసను ఒకరు వేళ్లతో బల్లపై కొడతారు, ఎదుటివారు అది ఏ పాటో చెప్పాలి. కొట్టేవారి బుర్రలో పాట మొత్తం మోగుతూ ఉంటుంది కనుక సగం మందైనా పోల్చుకుంటారని అనుకున్నారు. 120 సార్లు కొడితే సరిగ్గా చెప్పగలిగింది మూడు సార్లే, ఎందుకంటే వినేవారికి చేరింది టకటక శబ్దం మాత్రమే. మీ మేనేజరు "చూశాను" అని రాసేటప్పుడు ఆయన మనసులో ఏ పాట ఉందో గానీ, మీకు వినిపించింది మాత్రం టకటకే.

సమాధానం 2:

పై మాటలతో ఏకీభవిస్తూ ఒకటి చేరుస్తాను. ఎదుటివారి ప్రవర్తనకు వారి స్వభావమే కారణమని మనం చటుక్కున నిర్ణయించేస్తాము. వారున్న పరిస్థితి మన లెక్కలోకి రాదు. మనస్తత్వ శాస్త్రవేత్త లీ రాస్ 1977లో దీనికి ఒక పేరు పెట్టారు, తెలుగులో మౌలిక ఆపాదన దోషం అనవచ్చు. నాతో పనిచేసిన ఒకరు పంపే ఫైళ్లు ఎప్పుడూ అసంపూర్తిగానే ఉండేవి, ఆయన నిర్లక్ష్యపు మనిషని ఏడాదిపాటు నమ్మాను. మూడు బృందాల పని ఆయన ఒక్కరి నెత్తినే ఉందని తెలిసిన రోజున సిగ్గుపడ్డాను. ఆ ఏడాదిలోనే నేనూ రెండు ఫైళ్లు అలాగే పంపాను, కానీ అప్పుడు తప్పు నాది కాదు, పని ఒత్తిడిది!

సమాధానం 3:

అన్నింటినీ మన మనసు మీదికే నెట్టేయడం నాకు సమ్మతం కాదు. మౌనాన్ని శిక్షగా వాడే పై అధికారులూ ఉంటారు. ఒక్క మాటను పట్టుకుని కాకుండా, కొన్ని నెలల తీరును చూసి నిర్ణయించుకోండి. అడగడానికే జంకే వాతావరణమైతే లోపం మీది కాకపోవచ్చు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి బృందాలను పరిశీలించినప్పుడు, మెరుగైన బృందాలలోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదై కనిపించాయి. అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం వల్ల కాక, వాటిని భయం లేకుండా బయటపెట్టగలగడం వల్లే అలా జరిగి ఉంటుందని ఆమె వాదించారు.

ఇక అడిగే తీరు కూడా ముఖ్యమే. "నా మీద కోపంగా ఉన్నారా?" అంటే ఎవరైనా లేదనే అంటారు. "మూడో పేజీలో ఏమైనా మార్చాలా?" అంటే పనికొచ్చే జవాబు వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. మూడవవారు చెప్పిన మాటలతోనే ఈ రోజు అడిగాను. ఆయన కాసేపు తెల్లబోయి చూసి, "ఏ మూడో పేజీ?" అన్నారు. ఆయన చూశానన్నది నా సందేశాన్నట, నివేదికను ఇంకా తెరవనే లేదు. ఇద్దరం కూర్చుని తెరిచాము. మూడో పేజీలో ఒక మొత్తం నిజంగానే తప్పు పడింది.