ముల్క్ రాజ్ ఆనంద్ మానవవాదం గురించి తెలిసినవారి సహాయం కోరుతున్నాను

నమస్కారం. భారతీయ ఆంగ్ల నవలల్లో మానవవాద దృక్పథంపై పరిశోధనా వ్యాసం రాస్తూ, 1935లో వెలువడిన ముల్క్ రాజ్ ఆనంద్ ‘అన్‌టచబుల్’ దగ్గర ఆగిపోయాను. బజారులో ఈ నవల కథానాయకుడు, పాకీపని చేసే యువకుడు బఖా పొరపాటున ఒక అగ్రవర్ణుడికి తగిలినప్పుడు చుట్టూ మూగిన జనం తిట్టిపోస్తారు, చెంపదెబ్బ పడుతుంది, తలపాగా ఊడిపోతుంది, ఆశపడి కొనుక్కున్న జిలేబీలు దుమ్ములో చెల్లాచెదురవుతాయి. చివరికి అతణ్ణి ఓదార్చేది ఒక ముస్లిం జట్కావాడు. ఈ సన్నివేశం ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది. రచయిత మానవవాదం సిద్ధాంత చర్చల్లో కన్నా ఇక్కడే ఎక్కువగా ఉందని నా నమ్మకం.

నాకు కొరుకుడు పడనిది ముగింపు. క్రైస్తవ మిషనరీ మాటలు, గాంధీజీ ప్రసంగం, నీటితో శుభ్రమయ్యే మరుగుదొడ్లు వస్తే పాకీపని పోతుందనే కవి వాదన, ఈ మూడింటినీ బఖా వింటాడు. ఆనంద్ మొగ్గు కవి చెప్పిన యంత్రం వైపేనా, లేక గాంధీజీ మాటలనూ ఆ యంత్రాన్నీ తలపోసుకుంటూ ఇంటిదారి పట్టిన బఖా మనసులోనే ఆయన సమాధానం ఉందా? దీన్ని ఆయన తన ఆలోచనల గురించి రాసుకున్న ‘అపాలజీ ఫర్ హీరోయిజమ్’ అనే ఆత్మకథాత్మక వ్యాసం ఆధారంగా వివరించగలవారు ఎవరైనా ఉన్నారా?

మరొక సందేహం. మన తెలుగు నవలాకారుడు త్రిపురనేని గోపీచంద్‌పై నవ్య మానవవాదాన్ని ప్రతిపాదించిన ఎం.ఎన్.రాయ్ ప్రభావం ఉన్న సంగతి తెలిసిందే. ఆనంద్‌నూ గోపీచంద్‌నూ పక్కపక్కన పెట్టి పరిశీలించిన తెలుగు విమర్శ ఏదైనా మీ దృష్టికి వచ్చి ఉంటే, దయచేసి ఆ పుస్తకం పేరు, అది దొరికే చోటు తెలియజేయగలరు.