40×60 సైట్‌లో రెండు ఇళ్లు: పక్కపక్కనా, కిందా పైనా?

హొరమావు_కొత్తవాడు:
బెంగళూరు హొరమావులో తూర్పు ముఖం 40×60 అడుగుల సైట్ ఉంది, మన లెక్కలో దాదాపు 267 గజాలు. అనంతపురంలో పాత ప్లాటు అమ్మిన డబ్బు చేతిలో ఉంది. మధ్యగోడ పెట్టి పక్కపక్కనే రెండు డూప్లెక్సులు (లోపలి మెట్లతో రెండంతస్తుల ఇళ్లు) కట్టి, ఒకటి అద్దెకిచ్చి, పిల్లల పైచదువులప్పుడు దాన్ని అమ్మేద్దామని నా ప్లాన్. మేస్త్రీ కూడా సై అంటున్నాడు. మా ఆవిడ మాత్రం కింద ఒకటి, పైన ఒకటి చాలంటోంది. కట్టినవాళ్లు చెప్పండి.

రామ్మూర్తినగర్_ఓనర్:
వదినమ్మ మాట విను అన్నా. 40ని రెండు చేస్తే తలా 20 అడుగులు. బయటి పక్క నాలుగడుగులు వదిలితే, గోడలు పోను లోపల మిగిలేది పదిహేను. మెట్లు కూడా అందులోనే, అదీ రెండిళ్లకీ విడివిడిగా. మా పక్కవాళ్లు ఇలాగే కట్టారు. సోఫా వేశాక డైనింగ్ టేబుల్ మెట్ల కిందికి పోయింది, అన్నం తిని లేచేవాడు తల వంచాల్సిందే. మధ్యగోడకి కిటికీ ఉండదు, పట్టపగలే లైటు. ఇక బోరు ఒకటే అయితే రేపు కొన్నవాడితో నీళ్ల పంచాయితీ. 2024 వేసవి గుర్తుందిగా, సొంత అన్నదమ్ములే మోటారు స్విచ్ దగ్గర కొట్టుకున్నారు.

ఖాతా_కష్టాలు:
గోడ కట్టినంత మాత్రాన సైట్ రెండైపోదండీ. ప్లాన్, ఖాతా (కార్పొరేషన్ ఆస్తి రికార్డు) ఒకటే ఉంటే సగం కొనేవాడికి లోను ఇవ్వడానికి బ్యాంకు నసుగుతుంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇచ్చే ఈ-ఖాతా లేనిదే రిజిస్ట్రేషనూ కాదు. మీది అన్నీ సక్రమంగా ఉన్న ఏ-ఖాతానా, అనుమతుల్లో లోపాలున్న బీ-ఖాతానా?

లెక్కల_మాస్టారు:
అసలు ముడి పన్ను దగ్గరుంది. ప్లాటు అమ్మిన డబ్బుతో ఇల్లు కడుతున్నానని ఆ లాభం మీద పన్ను మినహాయింపు (1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 54ఎఫ్) అడుగుతున్నారా? 2014 సవరణ తర్వాత అది ఒక్క ఇంటికే. పైగా అమ్మిన మూడేళ్లలోపు ఇంకో ఇల్లు కడితే ఇచ్చిన మినహాయింపు కూడా పోతుంది. విడివిడి గుమ్మాలతో రెండు డూప్లెక్సులంటే మినహాయింపు కొట్టేయడానికి పన్ను ఆఫీసరుకి మీరే దారి చూపినట్టు. కిందా పైనా అయితే ఒకే ఇల్లని వాదించుకోవడానికి కొంత వీలుంటుంది. పునాది తవ్వకముందే సీఏని కలవండి. అద్దె మీద ఎలాగూ 30 శాతం మినహాయింపు ఉంది, ఆ టెన్షన్ వద్దు.

హొరమావు_కొత్తవాడు:
ఏ-ఖాతానే సార్. పన్ను సంగతి మేస్త్రీ చెప్పేది కాదు కదా! సరే, కిందా పైనా అయితే సంపు (నేలలో కట్టే నీళ్ల తొట్టి) ఎంత పెట్టమంటారు?

రామ్మూర్తినగర్_ఓనర్:
12,000 లీటర్లకి తగ్గనివ్వకు అన్నా. చిన్నదైతే పెద్ద ట్యాంకరు సగం ఒంపి వెళ్లిపోతాడు, డబ్బు మాత్రం మొత్తం తీసుకుంటాడు. వాన నీటి గుంత ఎలాగూ తప్పనిసరి, సంపుతో పాటే తవ్వించెయ్యి.