ల్యాబ్ పని మీద కంపెనీ పెట్టాలంటే: అమెరికాకి కొత్తగా వచ్చిన తమ్ముడికి

అన్నలూ, అక్కలూ, ఈ ఆగస్టులోనే పీహెచ్‌డీకి అమెరికా వచ్చాను. ల్యాబ్‌లో సెన్సర్ల మీద పని. ముందు ముందు దాని మీదే కంపెనీ పెట్టాలని ఉంది. ఇక్కడ గవర్నమెంట్ డబ్బులిస్తుందంట, నాలా ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లకీ ఇస్తారా?

---

ఇస్తుంది తమ్ముడూ, కానీ నేరుగా నీకు కాదు. 1982లో చట్టం చేసి తెచ్చిన ఎస్‌బీఐఆర్ అనే స్కీమ్ ఉంది, రక్షణ, ఆరోగ్యం, ఇంధనం లాంటి శాఖలు తమ పరిశోధన బడ్జెట్‌లో కొంత చిన్న కంపెనీలకే ఇవ్వాలి. తిరిగి కట్టక్కర్లేదు, కంపెనీలో వాటా కూడా అడగరు. ఐడియా పని చేస్తుందో లేదో తేలకముందు ఇన్వెస్టర్లు దగ్గరికి రారు కదా, ఆ రిస్కే గవర్నమెంట్ తీసుకుంటుంది. ఫోన్ చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్ కూడా మొదట్లో ఈ డబ్బు తీసుకున్నదే. కాకపోతే మామూలుగా కంపెనీలో సగానికి మించి పౌరులదో, గ్రీన్‌కార్డు వాళ్లదో అయి ఉండాలి. పైగా కాంగ్రెస్ (అంటే ఇక్కడి పార్లమెంట్) ఎప్పటికప్పుడు పొడిగిస్తేనే ఈ స్కీమ్ నడుస్తుంది, అప్లై చేసేముందు అది చూసుకో.

నీకు ఇప్పుడు ముఖ్యమైంది ఇంకోటి. నీ స్టైపెండ్ ఎక్కణ్నుంచి వస్తోందో ప్రొఫెసర్‌ని అడుగు. ఎన్‌ఎస్‌ఎఫ్ (సైన్స్ పరిశోధనకి డబ్బిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) లాంటి వాటి ఫెడరల్ గ్రాంట్ అయితే, 1980 నాటి బే-డోల్ చట్టం ప్రకారం ఆ డబ్బుతో కనిపెట్టిన దాని మీద హక్కు యూనివర్సిటీ తీసుకోవచ్చు, కనిపెట్టినవాళ్లకి రాయల్టీలో వాటా ఇవ్వాలి. గూగుల్‌కి పునాది అయిన పేజ్‌ర్యాంక్ (వెబ్ పేజీలకి ర్యాంకులిచ్చే పద్ధతి) పేటెంట్ కూడా స్టాన్‌ఫర్డ్ పేరు మీదే ఉండేది, గూగుల్ లైసెన్స్ తీసుకుని వాడుకుంది. నువ్వూ అలాగే తీసుకోవచ్చు, భయపడకు. ఆ చట్టం రాకముందు ఈ పద్ధతి లేక ఎన్నో పేటెంట్లు ప్రభుత్వం దగ్గరే ఊరికే పడి ఉండేవి, అందుకే నాకు ఈ చట్టమంటే గౌరవం.

నేను చేసిన తప్పు నువ్వు చేయొద్దు. యూనివర్సిటీలో పేటెంట్లు, లైసెన్సులు చూసే టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకి చెప్పకుండా కాన్ఫరెన్స్ పోస్టర్‌లో డిజైన్ మొత్తం పెట్టేశాను. ఇక్కడ బయటపెట్టాక కూడా ఏడాది గడువుంటుంది కాబట్టి అమెరికా పేటెంట్ దక్కింది, యూరప్‌లో ఆ గడువు లేదు, అక్కడ పోయింది. ఇప్పటికీ బాధే.

---

ఒక్క మాట తమ్ముడూ. ఎఫ్-1 మీద కంపెనీలో వాటా ఉండటం వేరు, అందులో పని చేయడం వేరు. వర్క్ పర్మిషన్ లేకుండా, జీతం తీసుకోకపోయినా సరే, పని మొదలుపెట్టకు. ముందు మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు, వాళ్ల జవాబు ఈమెయిల్‌లో తీసుకో.