తర్కసంగ్రహ పాఠంలో ‘జ్ఞానం’ అన్న మాటకు బదులు ఏ తెలుగు మాట వాడాలి?

సంస్కృతం రాని పెద్దలకు న్యాయశాస్త్ర ప్రవేశగ్రంథమైన తర్కసంగ్రహాన్ని తెలుగులో వివరిస్తున్నాను. బుద్ధిలక్షణం, అంటే బుద్ధికి చెప్పిన నిర్వచనం, దగ్గర పాఠం ఆగిపోయింది. గ్రంథకర్త అన్నంభట్టు సర్వవ్యవహారాలకూ హేతువైన గుణాన్ని బుద్ధి అని, దాన్నే జ్ఞానమని చెప్పి, అందులో స్మృతినీ అనుభవాన్నీ, అనుభవంలో యథార్థాన్నీ అయథార్థాన్నీ చేర్చాడు కనుక ముత్యపుచిప్పను చూసి వెండి అనుకోవడం కూడా జ్ఞానమే అవుతుంది. శ్రోతలేమో గీత పదమూడో అధ్యాయంలో అమానిత్వం (గర్వం లేకపోవడం) మొదలైన వాటిని జ్ఞానమని, తక్కినది అజ్ఞానమని విన్నవారు; పొరపాటును జ్ఞానమంటే ఒప్పుకోవడం లేదు. వారి అభ్యంతరం సహజమైనదే.

మోక్షవిషయకమైన బుద్ధి జ్ఞానం, శిల్పశాస్త్రాలకు సంబంధించినది విజ్ఞానం అన్న అమరకోశ విభాగం చూపాను కానీ, అది విషయాన్ని బట్టి చేసిన విభజనే తప్ప నిజానిజాలను బట్టి చేసినది కాదు. నిజమైనదాన్ని ‘ప్రమ’ అందామంటే, ఈ గ్రంథంలో ఆ పేరు యథార్థానుభవానికే చెల్లుతుంది, యథార్థస్మృతి బయట పడిపోతుంది. ‘తెలివి’ అంటే చురుకుదనమో మెలకువో స్ఫురిస్తున్నది. ‘అవగాహన’లో సరిగా గ్రహించడమన్న అర్థం ముందే ఉంది. ‘ఎరుక’ కొంత నయమనిపించింది గాని, శ్రోతల్లో అచల సంప్రదాయం వారున్నారు. వారి దృష్టిలో ఎరుక విడిచిపెట్టవలసినది.

నిజమైనా పొరపాటైనా, అనుభవమైనా జ్ఞాపకమైనా అన్నింటికీ సమానంగా వర్తించేలా, న్యాయశాస్త్రాన్ని తెలుగులో బోధించినవారు ఈ ‘జ్ఞానా’నికి ఏ మాట వాడుతున్నారో చెప్పగలరా?