కాలనీ పార్కులోని కోనోకార్పస్ చెట్లను తీసివేసి దేశవాళీ చెట్లు పెట్టడం సరైనదేనా?

సంఘం కార్యదర్శి:
హైదరాబాద్ శివారులోని మా కాలనీ పార్కు ప్రహరీ వెంట హరితహారం రోజుల్లో నాటిన నలభై కోనోకార్పస్ మొక్కలు ఇప్పుడు రెండంతస్తుల ఎత్తుకు పెరిగాయి. గత నెల మురుగునీరు పొంగి పార్కులోకి వచ్చినప్పుడు తవ్వి చూస్తే, పగిలిన పైపులోంచి జడలా అల్లుకుపోయిన వేళ్లు బారెడు పొడవున బయటపడ్డాయి. వీటిని మొదలంటా కొట్టించి కానుగ, పొగడ, రేల పెట్టాలని కొందరు, ఇన్నేళ్లు పెంచుకున్న నీడను చేతులారా పోగొట్టుకోవడం ఎందుకని మరికొందరు వాదిస్తున్నారు. ఆదివారం సర్వసభ్య సమావేశం ఉన్నందున, అనుభవం ఉన్నవారి అభిప్రాయం కోరుతున్నాను.

కానుగనీడ:
తీసివేయడమే మంచిదండీ. కోనోకార్పస్ అమెరికా, పశ్చిమ ఆఫ్రికా తీరాల్లో మడ అడవుల అంచున ఉప్పునేలల్లో పెరిగే చెట్టు. మన తెల్లమద్ది, కరక చెట్ల కుటుంబానికే చెందినదైనా, ఆ చుట్టరికం మన పిట్టలకు ఎందుకూ పనికిరాలేదు. మోదుగ పూసిన రోజుల్లో ఒక చెట్టు కింద పావుగంట నిలబడితే గోరింకలు, తేనెపిట్టలు ఎన్ని వచ్చి వాలతాయో చూడవచ్చు. కోనోకార్పస్ వరుస కింద గంటసేపు నిలబడినా ఆ సందడి ఉండదు. గుజరాత్ ప్రభుత్వం 2023 సెప్టెంబరులో అటవీ భూముల్లోనూ, వెలుపలా దీన్ని నాటడాన్ని నిషేధించింది. తెలంగాణలో కూడా నాటవద్దన్న ఆదేశాలు వచ్చాయి. ఇంకా చర్చ దేనికి?

కడియం నర్సరీ:
చర్చ ఎందుకంటే, ఈ చెట్టు తనంతట తాను ఇక్కడికి రాలేదు కాబట్టి. 2015లో హరితహారం మొదలైనప్పుడు చెప్పుకున్న లక్ష్యం 230 కోట్ల మొక్కలు. అంత లెక్క నిండాలంటే నీళ్లు సరిగా పోయకపోయినా బతికే మొక్క, మేకలు ముట్టని మొక్క, అధికారులు చూడడానికి వచ్చేనాటికి పచ్చగా కనిపించే మొక్క కావాలి. కోనోకార్పస్ కొమ్మ ముక్క గుచ్చితే నాటుకుంటుంది, ఏడాది పొడవునా ఆకు రాల్చదు, ఏ ఆకారంలో కత్తిరించినా ఒదుగుతుంది. రేల విత్తనం తొక్క గట్టిది. దాన్ని ముందుగా గీకో, వేడినీటిలో నానబెట్టో మెత్తబరచకపోతే సరిగా మొలవదు. మొలిచిన మొక్క ఎదగడానికి మరింత కాలం పడుతుంది. మేము అడిగినవారికి అడిగినది పెంచి ఇచ్చాము.

ఇక దేశవాళీ అన్న మాట కూడా కొంచెం చూసి వాడాలి. చింతచెట్టు ఆఫ్రికా నుంచి వచ్చింది. గుళ్లలో పెంచుకునే దేవగన్నేరుది అమెరికా. బతుకమ్మలో తంగేడు, గునుగుల పక్కన ఒదిగిపోయే బంతిపూవు మెక్సికోది. వీటన్నిటినీ పీకేయమంటారా?

విశాఖవాసి:
దేశవాళీ చెట్టయినంత మాత్రాన మేలు జరగదనడానికి మా ఊరే సాక్ష్యం. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకు నగరంలో చెట్లు విపరీతంగా కూలిపోయాయి. ఆ తరువాత నాటినవాటిలో ఏడాకులపాల చాలా ఎక్కువ. అది తూర్పు కనుమల్లో సహజంగా పెరిగే చెట్టే. అడవిలో అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నప్పుడు దాని పూల వాసన హాయిగానే ఉంటుంది. రోడ్డు పొడవునా వరుసగా నాటేసరికి, అక్టోబరు, నవంబరు నెలల్లో చీకటి పడగానే ఆ ఘాటుకు కిటికీలు మూసుకోవలసి వస్తోంది. ఉబ్బసం ఉన్న మా అమ్మగారిని ఆ రెండు నెలలూ సాయంత్రం వాకిట్లో కూర్చోనివ్వము. ఇప్పుడు ఆ చెట్లను కొట్టమని ఫిర్యాదులు. తప్పు చెట్టుది కాదు, ఒకే జాతిని బారులు తీర్చి నాటినవారిది.

కానుగనీడ:
విశాఖవాసి గారి మాట ఒప్పుకుంటున్నాను. నలభై కోనోకార్పస్‌ల స్థానంలో నలభై కానుగలు పెడితే మనమూ అదే తప్పు చేసినట్లవుతుంది. నర్సరీ వారికి మాత్రం ఒక మాట. చింత, బంతి పరాయివే అయినా తరతరాలుగా మన వంటల్లో, పండుగల్లో కలిసిపోయాయి. పైపు పగలగొట్టే చెట్టుతో వాటిని జతకట్టడం న్యాయం కాదు.

అసలు అడ్డంకి మొక్క దొరకకపోవడం కాదని నాకు మా అపార్ట్‌మెంటులోనే తెలిసింది. గేటు పక్కన పట్టుబట్టి పెట్టించిన రేల, మూడో వానాకాలానికి లేత ఆకులు తొడిగింది. ఒక ఉదయం చూస్తే ఆకు అంచుల వెంట వేలెడంత ఆకుపచ్చ గొంగళిపురుగులు, కింద నేలంతా ఆవగింజల్లా రెట్టలు. ఇంకొన్నాళ్లు ఆగితే అవే లేత పసుపు సీతాకోకచిలుకలై ఎగిరిపోతాయని, రేల మళ్లీ చిగురిస్తుందని చెప్పాను. నేను ఆఫీసు నుంచి తిరిగి వచ్చేలోపు మాలి చేత పురుగుమందు కొట్టించారు. మనకు పచ్చదనం కావాలి గాని అందులో పురుగు ఉండకూడదు, ఆకు రాలకూడదు, కారు మీద పిట్ట రెట్ట వేయకూడదు. ఆ కోరికలన్నీ తీర్చింది కాబట్టే కోనోకార్పస్ గెలిచింది. సమావేశంలో ముందు ఈ విషయం తేల్చుకోండి, చెట్ల పేర్లు తరువాత.

పాత ఉద్యోగి:
చెట్టు ఏదైనా, కొట్టే ముందు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి సంగతి అటవీ శాఖను లిఖితపూర్వకంగా అడగండి. తీర్మానం చేసుకున్నాము కదా అని రంపం పట్టవద్దు.

సంఘం కార్యదర్శి:
అందరికీ కృతజ్ఞతలు. పైపు వెళ్లే దక్షిణపు గోడ వెంట ఉన్న పదకొండు చెట్లకు మాత్రమే ఇప్పుడు అనుమతి అడగాలని, మిగిలినవాటిని కత్తిరిస్తూ పూతకు రానివ్వకుండా ఉంచి, వాటి మధ్య ఖాళీల్లో ఈ వానాకాలం పొగడ, కానుగ, రేల, మోదుగ కలిపి నాటి, అవి నీడ ఇచ్చే కొద్దీ పాతవాటిని తీయాలని ప్రతిపాదిస్తాను. పైపు మీద చెట్టు బదులు తంగేడు, నందివర్ధనం పొదలు పెడతాము. మూడు వేసవులు నీళ్ల ట్యాంకరు ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నది కూడా అదే తీర్మానంలో రాయిస్తాను. కడియం నర్సరీ వారూ, ఐదడుగుల పొగడ మొక్కలు జూలైకి ఒక పదిహేను ఇవ్వగలరా?

కడియం నర్సరీ:
పొగడ ఇవ్వగలను. మోదుగకు మాత్రం వచ్చే ఏడాది వరకు ఆగాలి, ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు.