చోక్ తీస్తే ఆగిపోయే పాత బండి: దొంగగాలిని పట్టుకోవడం, కార్బురేటర్‌ను అమర్చడం

సందేహం

నా పాత ఫోర్ స్ట్రోక్ మోటారుసైకిలు చాలాకాలం కదలకుండా ఉండిపోయింది. దానిని మళ్లీ నడపాలన్న కోరికతో పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్‌ను విప్పి, పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాల జెట్లన్నీ శుభ్రం చేసి, అందులో పెట్రోలు మట్టాన్ని నిలిపే ఫ్లోట్ ఎత్తు సరిచూసి తిరిగి బిగించాను. ఇప్పుడు చోక్ (మిశ్రమంలో పెట్రోలు వాటా పెంచే మీట) వేస్తేనే స్టార్ట్ అవుతోంది, చోక్ తీయగానే ఆగిపోతోంది. ఇంజిన్ వేడెక్కాక మాత్రం ఇందుకు విరుద్ధంగా, యాక్సిలరేటర్ వదిలినా రేస్ (ఇంజిన్ వేగం) వెంటనే దిగకుండా కొంతసేపు పైనే నిలిచి మెల్లగా కిందికి వస్తోంది. పల్లంలో యాక్సిలరేటర్ మూసినప్పుడు సైలెన్సర్‌లో టపటపమని శబ్దాలు వస్తున్నాయి. ప్లగ్గు పింగాణీ తెల్లగా కనిపిస్తోంది. పైగా ఎయిర్ ఫిల్టర్ పెట్టె నుంచి కార్బురేటర్‌కు వచ్చే రబ్బరు బూటు గట్టిపడిపోయి సరిగా కూర్చోవడం లేదు. మెయిన్ జెట్ పెద్దది వేయమని ఒకరు, మిశ్రమాన్ని సరిచేసే ఎయిర్ స్క్రూ బిగించమని మరొకరు అంటున్నారు. ముందు ఏది చేయాలో దయచేసి చెప్పగలరు.

జవాబు

నమస్కారమండీ. ప్రస్తుతానికి ఆ రెండు సలహాలనూ పక్కన పెట్టండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ మిశ్రమంలో పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైందనే సూచిస్తున్నాయి. పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక గ్రాముకు సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ లెక్క కార్బురేటర్ చూసుకుంటుంది. కానీ కార్బురేటర్ దాటిన తర్వాత, ఇంజిన్‌కు చేరే లోపల, ఎక్కడో ఒక సందులోంచి లోపలికి దూరే గాలి దాని లెక్కలోకి రాదు.

ఈ దొంగగాలి ప్రభావం ఐడ్లింగ్‌లోనే (యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ మెల్లగా నడిచే స్థితిలోనే) ఎందుకు ఎక్కువంటే, యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు కార్బురేటర్‌ను ఇంజిన్‌కు కలిపే గొట్టమైన మ్యానిఫోల్డ్‌లో శూన్యపీడనం, అంటే గాలిని పీల్చే బలం, తీవ్రంగా ఉంటుంది, ఇంజిన్‌కు అందవలసిన గాలి మాత్రం చాలా కొద్దిగా ఉంటుంది. అప్పుడు వెంట్రుకంత పగులు కూడా మొత్తం గాలిలో పెద్ద వాటా అవుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిస్తే అదే పగులు లెక్కలోకే రాదు. మెయిన్ జెట్ ప్రభావమంతా యాక్సిలరేటర్ ముప్పావు వంతు తెరిచాకే గనుక, దానిని మార్చినందువల్ల మీ సమస్య తీరకపోగా పై స్పీడులో పెట్రోలు ఎక్కువై కొత్త సమస్య మొదలవుతుంది.

మీరు రెండు వైపుల రబ్బరునూ వేరువేరుగా చూడాలి. ఫిల్టర్ వైపు బూటులో సందు ఉంటే, అక్కడ దూరిన గాలి కూడా కార్బురేటర్ గుండానే వెళుతుంది కనుక మిశ్రమం పెద్దగా చెడదు. అయితే వడకట్టని దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి చేరి పిస్టన్ రింగులను, బోరును అరగదీస్తుంది. అందువల్ల దానిని ఉపేక్షించకూడదు గానీ, ఇప్పటి మీ లక్షణాలకు అది కారణం కాదని నా అభిప్రాయం. అసలు అనుమానం ఇంజిన్ వైపు ఉన్న జోడింపు మీద: అక్కడి ఓ రింగు (O ఆకారపు రబ్బరు వలయం), ప్యాకింగ్, మధ్యలో వేడి ఆపడానికి ఉంచే బేకలైట్ దిమ్మ, మ్యానిఫోల్డ్ రబ్బరైతే దాని మెడ.

పరీక్ష సులభం. ఇంజిన్‌ను ఐడ్లింగ్‌లో ఉంచి, ఆ జోడింపుల చుట్టూ సన్నని ధారగా సబ్బునీళ్లు కొట్టండి. ఒక చోట నీరు పడగానే ఇంజిన్ శబ్దం మారితే సందు అక్కడే ఉన్నట్టు. కార్బురేటర్ క్లీనర్ స్ప్రేతో ఫలితం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది గానీ, వేడి సైలెన్సర్ పక్కన మండే ద్రవాన్ని చల్లడం నిజంగా ప్రమాదకరం కాబట్టి నేను నీళ్లనే సూచిస్తాను. ఎక్కడ కొట్టినా మార్పు రాకపోతే ఐడ్లింగ్‌కు పెట్రోలు అందించే పైలట్ జెట్ ఇంకా మూసుకుపోయి ఉందని అనుమానించాలి. అందులోని రంధ్రం వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నప్పుడు గుండ్రంగా, అంచులు స్పష్టంగా కనిపించాలి.

మరో సభ్యుని సూచన

మ్యానిఫోల్డ్ మీద శూన్యపీడనం కొలవడానికి వదిలిన చిన్న గొట్టం ఉంటే, దాని రబ్బరు టోపీ ఉందో లేదో కూడా చూడండి. పాత బండ్లలో అది రాలిపోయినా ఎవరూ గమనించరు. ఇవే లక్షణాలు టూ స్ట్రోక్ బండిలో కనిపిస్తే క్రాంక్ ఆయిల్ సీళ్లను (ఇంజిన్ కింది గదిని మూసి ఉంచే రబ్బరు వలయాలను) కూడా అనుమానించాలి, ఎందుకంటే అక్కడ ఆ గది, అంటే క్రాంక్‌కేసు కూడా గాలి పీల్చే దారిలో భాగమే.

సందేహం అడిగినవారు

సబ్బునీళ్లు జోడింపు కింది భాగంలో పడగానే రేస్ దిగిపోయింది. కార్బురేటర్ విప్పి, ఇంజిన్‌కు ఆనే చదునైన అంచు, అంటే ఫ్లాంజి మీద స్టీలు స్కేలు నిలువుగా పెట్టి చూస్తే మధ్యలో వెలుతురు కనిపిస్తోంది. ఓ రింగు కూడా చదునుగా అణిగిపోయింది. సిలికాన్ జిగురు పూసి బిగిస్తే సరిపోతుందా? ఫిల్టర్ బూటును ఎలా ఎక్కించాలి?

జవాబు

సిలికాన్ జిగురు వద్దండీ. మామూలు సిలికాన్ పెట్రోలుకు ఉబ్బి, ముక్కలుగా ఊడి ఇంజిన్‌లోకి పోతుంది. ఫ్లాంజి వంగడానికి కారణం, లీకు ఆగాలని రెండు బోల్టులనూ అతిగా బిగించడం. బోల్టులు పట్టే రెండు చెవులూ ఇంజిన్ వైపు లాగబడి నడుము లేచిపోతుంది. ఓ రింగు తీసేసి, దళసరి గాజుపలక మీద 400 నంబరు వాటర్ పేపరును తడిపి పరిచి, ఫ్లాంజిని 8 అంకె ఆకారంలో నెమ్మదిగా రుద్దండి. మొదట రెండు చెవుల కొసలే మెరుస్తాయి, ఆ మెరుపు ముఖమంతా పరుచుకోగానే ఆపేయండి. అంతకు మించి రుద్దితే ఓ రింగు గాడి లోతు తగ్గి, కొత్త రింగు పైకి పొడుచుకు వస్తుంది. బేకలైట్ దిమ్మ రెండు ముఖాలనూ ఇదే స్కేలుతో చూసి, లోహపు పొడి ఒక్క రేణువు కూడా మిగలకుండా కడిగి, కొత్త ఓ రింగు, కొత్త ప్యాకింగ్ వేయండి. బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. 6 మి.మీ. బోల్టుకు సుమారు 10 న్యూటన్ మీటర్లు మించనివ్వకండి.

ఫిల్టర్ బూటు ఇంకా పగలకుండా ఉంటే, వేడినీళ్లలో కొంతసేపు ఉంచితే మెత్తబడుతుంది. అంచుకు లోపల సబ్బునీరు రాస్తే సులువుగా జారి కూర్చుంటుంది. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రాయకండి, అవి రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. ఫిల్టర్ పెట్టె బోల్టులు వదులు చేసి దానిని వెనక్కి జరిపితే కార్బురేటర్ పట్టేంత చోటు దొరుకుతుంది. ఇంజిన్ వైపు పూర్తిగా బిగించాకే పెట్టెను ముందుకు తెచ్చి బూటు ఎక్కించండి. క్లాంపు బిగించే ముందు బూటు కింది పెదవి లోపలికి మడతపడలేదని వేలితో చుట్టూ తడిమి చూసుకోవాలి, కంటికి కనిపించనిది అదే. బూటు మీద నెర్రెలు కనిపిస్తే మాత్రం కొత్తదే వేయాలి.

స్లైడును (కార్బురేటర్‌లో యాక్సిలరేటర్ కేబుల్‌తో పైకీ కిందికీ కదిలి గాలి దారిని తెరిచి మూసే ముక్కను) దించేటప్పుడు దాని కోసిన వైపు ఫిల్టర్ వైపుకే ఉండాలి. తిప్పి పెడితే అది పూర్తిగా కిందికి దిగక, స్టార్ట్ చేయగానే ఇంజిన్ విపరీతంగా రేస్ అందుకుంటుంది. అందువల్ల కిక్ కొట్టకముందే యాక్సిలరేటర్ తిప్పి వదిలి, స్లైడు అడుగుకు తగిలి టక్కున శబ్దం వస్తోందో లేదో వినండి.

మిశ్రమాన్ని సరిచేసే స్క్రూ పని చివరిది. అది ఇంజిన్ వైపు ఉంటే పెట్రోలును, ఫిల్టర్ వైపు ఉంటే గాలిని నియంత్రిస్తుందని సాధారణంగా లెక్క. అంటే వదులు చేస్తే మొదటి రకంలో పెట్రోలు పెరుగుతుంది, రెండో రకంలో తగ్గుతుంది. బలవంతం చేయకుండా పూర్తిగా మూసి ఒకటిన్నర చుట్లు వదలండి. ఇంజిన్ బాగా వేడెక్కాక, కొద్దికొద్దిగా తిప్పుతూ ఐడ్లింగ్ ఎక్కువగా, నిలకడగా ఉన్న చోట ఆపి, ఆ తర్వాత ఐడ్లింగ్ స్క్రూతో రేస్ తగ్గించండి. చివరగా ఇంజిన్ నడుస్తుండగానే హ్యాండిల్‌ను కుడికీ ఎడమకీ పూర్తిగా తిప్పి చూడండి. రేస్ పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడో బిగుసుకుంటోందని అర్థం, దాని దారి సరిచేసి 2 నుంచి 3 మి.మీ. వదులు ఉంచాకే బండిని రోడ్డెక్కించండి.